గ్యారేజీని పడకగదిగా మార్చాలంటే: గోడలు మూసేలోపు తేలాల్సిన సంగతులు

మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: అమెరికాలో మీ ఇంటికి ఆనుకుని ఉన్న రెండు కార్ల గ్యారేజీని, అమ్మానాన్నల కోసం బాత్రూంతో సహా పడకగదిగా మార్చాలనుకుంటున్నారు. గ్యాస్ వాటర్ హీటర్, కరెంటు ప్యానెల్ రెండూ అందులోనే ఉన్నాయి. కాంట్రాక్టరేమో "ముందు పని కానిద్దాం, పర్మిట్ తర్వాత చూసుకోవచ్చు" అంటున్నాడు. ఎప్పుడైనా అవసరమైతే మళ్ళీ గ్యారేజీగా వాడుకోవచ్చా అని కూడా అడిగారు. ఇళ్ళ మార్పుల పనుల్లోనే చాలాకాలంగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కాంట్రాక్టర్ మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా అన్నింటికన్నా మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది అదే. పర్మిట్ అంటే పనంతా అయ్యాక ముద్ర వేయించుకునే కాగితం అనుకుంటారు చాలామంది. కాదు. గోడ మూసేశాక ఎవరికీ కనబడని వాటిని, మూయకముందే ఒక మూడో మనిషి వచ్చి చూసి వెళ్ళే ఏర్పాటు అది. కాంక్రీటు కింద వేసిన డ్రైనేజీ పైపును పూడ్చకముందు చూస్తారు. ఫ్రేమింగ్ (గోడల లోపలి చెక్క చట్రం), వైరింగ్, నీటి పైపులు, డక్టులు (ఏసీ గాలి గొట్టాలు) గోడ తెరిచి ఉండగానే చూస్తారు. ఆ తర్వాత ఇన్సులేషన్, అంటే వేడినీ చలినీ ఆపే పొర, చివర్లో ఫైనల్. ఇంకో ఇన్‌స్పెక్షన్ అయ్యాకే డ్రైవాల్ (చట్రానికి బిగించే జిప్సం పలకలు) అతుకులు పూయనిచ్చే ఊళ్ళూ ఉన్నాయి. పని ముగిశాక పర్మిట్‌కి వెళితే ఇన్‌స్పెక్టర్ అడిగే మొదటి మాట "గోడ విప్పండి" అనే. పెయింటు వేసిన గోడలు కోసి, కొత్తగా పరిచిన నేలను పగలగొట్టి చూపించాల్సి రావచ్చు. అంటే అదే పనికి రెండోసారి కూలీ ఇస్తారు.

పర్మిట్ లేని గది విషయంలో అసలు నష్టం జరిమానా కాదు. ఆ గదిలో వైరింగ్ వల్ల నిప్పంటుకుంటే బీమా కంపెనీ దగ్గర మీ క్లెయిమ్ బలహీనపడవచ్చు. ఇల్లు అమ్మేటప్పుడు ఆ చదరపు అడుగుల్ని ఇంటి విలువ కట్టే అప్రైజర్ నివాస విస్తీర్ణంలో కలపకపోవచ్చు, పైగా అనుమతి లేని పని ఉందని కొనేవాళ్ళకు మీరే చెప్పాల్సి రావచ్చు. వీటన్నింటికన్నా నాకు ముఖ్యంగా కనిపించేది వేరు: ఆ గదిలో పడుకోబోయేది వయసు మళ్ళినవాళ్ళు. రాత్రి పొగ వస్తే గబుక్కున లేచి పరిగెత్తలేనివాళ్ళు.

ఇంకో మాట. కొందరు కాంట్రాక్టర్లు పర్మిట్‌కి ఒప్పుకుంటారు గానీ, "మీ పేరు మీద మీరే తీసుకోండి" అంటారు. ఇంటి యజమాని తానే నిర్మాణదారుగా పర్మిట్ తీసుకుంటే పని బాధ్యత, చాలాచోట్ల పనివాళ్ళ గాయాల బాధ్యత కూడా యజమాని మీదికే వస్తుంది. లైసెన్సున్న కాంట్రాక్టర్ తన లైసెన్సు మీద పర్మిట్ తీసుకోవడానికి వెనకాడుతున్నాడంటే, మీరు వేరే మనిషిని చూసుకోవడం మంచిది. డబ్బు ఇచ్చే విడతల్ని కూడా క్యాలెండర్‌తో ముడిపెట్టకండి, ఇన్‌స్పెక్షన్లతో ముడిపెట్టండి: ఫ్రేమింగ్, వైరింగ్ పాసయ్యాక ఒక విడత, ఇన్సులేషన్ పాసయ్యాక ఒకటి, ఫైనల్ సంతకం పడ్డాకే ఆఖరిది.

ఇప్పుడు అసలు పని. గ్యారేజీని కారు కోసం కట్టారు, మనిషి కోసం కాదు. ఈ తేడా గోడల రంగులో ఉండదు. నేల వాలులో, కాంక్రీటు కింద లేని ప్లాస్టిక్ షీటులో, గాలి రాకపోకల్లో, కిటికీ కొలతల్లో ఉంటుంది. నేను కింద చెప్పే అంకెలు అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్, అంటే ఐఆర్‌సీలోవి. కరెంటువి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లోవి. రెండింటికీ మూడేళ్ళకో కొత్త ఎడిషన్ వస్తుంది, పైగా రాష్ట్రాలూ ఊళ్ళూ తమ మార్పులు తాము చేసుకుంటాయి. కాబట్టి "ఇక్కడ ఏ ఎడిషన్ నడుస్తోంది, మీ సొంత సవరణలు ఏమిటి" అని బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ కౌంటర్లో ముందే అడగండి.

అదే కౌంటర్లో, లేదా స్థలాన్ని దేనికి వాడొచ్చో చూసే పక్కనున్న జోనింగ్ కౌంటర్లో, ఇంకో ప్రశ్న అడగాలి: గ్యారేజీ పోతే ఆ కార్లు ఎక్కడ నిలపాలి? ఇంటి స్థలంలోనే ఇన్ని కార్లకు చోటు ఉండాలని, ఒక్కోచోట దానికి పైకప్పు కూడా ఉండాలని నియమం పెట్టిన ఊళ్ళున్నాయి. అక్కడ గ్యారేజీ మూసేస్తే ఆ లెక్క తప్పుతుంది, దరఖాస్తు అక్కడే ఆగుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం గ్యారేజీని ఏడీయూగా, అంటే అదే స్థలంలో రెండో చిన్న నివాసంగా మారిస్తే, పోయిన పార్కింగుకు బదులు చూపమని ఊరు అడగకూడదు. 2020 నుంచి అమల్లోకి వచ్చిన చట్టాలు ఆ వెసులుబాటు ఇచ్చాయి. అయితే మీది ఏడీయూ అవుతుందా, మామూలు గదే అవుతుందా అనేది చాలాచోట్ల వంటగది ఉందా లేదా అన్నదాని మీద తేలుతుంది. పొయ్యి, సింకు పెట్టి విడిగా తలుపు ఇచ్చారంటే అది వేరే నివాసం కిందికి వెళుతుంది, నియమాలు మారతాయి. అమ్మానాన్నలు మీతో కలిసే భోంచేస్తారు, పడకా బాత్రూమూ ఉంటే చాలు అనుకుంటే ప్లాన్ మీద "పడకగది, బాత్రూం" అనే ఉండనివ్వండి. ఇళ్ళ యజమానుల సంఘం ఉంటే వాళ్ళ అనుమతి విడిగా తీసుకోవాలి. ఊరు ఒప్పుకున్నంత మాత్రాన సంఘం ఒప్పుకున్నట్టు కాదు.

సగం గ్యారేజీని గదిగా, సగం కారుకు ఉంచుకుందామా అనే ఆలోచన మీకు ఇంకా రాకపోతే, రేపు వస్తుంది. అప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: గ్యారేజీ నుంచి నేరుగా పడకగదిలోకి తలుపు ఉండకూడదని ఐఆర్‌సీ స్పష్టంగా చెబుతుంది. కారు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్, పెట్రోలు ఆవిరి నిద్రపోయేవాళ్ళ గదిలోకి రాకూడదనే దాని ఉద్దేశం. మధ్యలో హాలో, నడవో ఉండాలి. మధ్య గోడకు గ్యారేజీ వైపు కనీసం అరంగుళం డ్రైవాల్ ఉండాలి. మీ మొత్తం గ్యారేజీనే మార్చేస్తే ఈ గొడవ పోతుంది.

నేల గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మార్పుల్లో చెడిపోయేది సాధారణంగా అక్కడే. గ్యారేజీ నేలను కావాలనే వాలుగా పోస్తారు, కింద పడిన నీళ్ళూ నూనే కారు తలుపు వైపు వెళ్ళిపోవాలని. అడుగుకు 1/8 అంగుళం వాలు అనుకున్నా, 20 అడుగుల పొడవుకు రెండున్నర అంగుళాల తేడా వస్తుంది. మంచం నిలుస్తుంది గానీ, పెద్దవాళ్ళకు ఆ వాలు మీద నడవడం ఇబ్బంది. పైగా గ్యారేజీ నేల సాధారణంగా ఇంటి నేలకన్నా ఒకటి రెండు మెట్లు కిందికి ఉంటుంది. రాత్రిపూట బాత్రూంకి లేచేవాళ్ళకు ఆ మెట్టు ప్రమాదం. అందుకని మీ విషయంలో నేను నేలను ఇంటి మట్టానికి ఎత్తమనే చెబుతాను. నివాస గదికి పైకప్పు ఎత్తు కనీసం 7 అడుగులు ఉండాలి. మీ గ్యారేజీ లోపలి ఎత్తు 8 అడుగులై, నేలను 6 అంగుళాలు ఎత్తినా ఏడున్నర అడుగులు మిగులుతుంది. కానీ ఎక్కడైనా దూలమో, డక్టో కిందికి దిగి ఉంటే అక్కడ కొలవండి.

ఎత్తడానికి ముందు చెమ్మ సంగతి. ఇంటి కాంక్రీటు నేల కింద తేమ పైకి రాకుండా ప్లాస్టిక్ షీటు వేయాలని కోడ్ అంటుంది. అయితే గ్యారేజీలకు, వేడి చేయని ఔట్‌హౌస్‌లకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. అంటే మీ గ్యారేజీ కట్టినవాళ్ళు నియమం తప్పకుండానే ఆ షీటు వేయకపోయి ఉండొచ్చు. ఇన్నాళ్ళూ మీకు ఆ తేమ కనబడలేదు, ఎందుకంటే తలుపు సందుల్లోంచి వచ్చే గాలికి అది ఆరిపోయేది. దాని మీద వినైల్ పలకలో, కార్పెట్టో పరిచి గదిని బిగించేస్తే తేమ అక్కడే చిక్కుకుంటుంది. కొన్నాళ్ళకు వాసన, తర్వాత బూజు. ఒక చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు: 18 అంగుళాల చదరపు పాలిథీన్ ముక్కను నేలమీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే కింద నీటి చుక్కలో, కాంక్రీటు రంగు ముదరడమో ఉంటే చెమ్మ ఉన్నట్టే. ఏమీ కనబడకపోతే మాత్రం లేదని తీర్మానించుకోకండి. ఎండాకాలంలో ఆరి, వానల్లో ఊరే నేలలు చాలా ఉంటాయి. నేలలో చిన్న రంధ్రాలు చేసి లోపలి తేమశాతం కొలిచే పద్ధతి దీనికన్నా నమ్మదగింది, ఫ్లోరింగ్ వేసేవాళ్ళ చేత చేయించవచ్చు.

ఫలితం ఎలా ఉన్నా కాంక్రీటు మీద తేమను అడ్డుకునే పొర వేయకుండా ముందుకు వెళ్ళకండి. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి టేపు వేసిన పాలిథీన్ షీటో, పూసే ఎపాక్సీ పొరో ఏదైనా సరే. దానిమీద గట్టి ఫోమ్ పలకలు, వాటిమీద వాలును సరిచేసేలా ఒకవైపు సన్నగా కోసిన చెక్కలు, పైన ప్లైవుడ్ అనేది చాలాచోట్ల నడిచే పద్ధతి. కాంక్రీటుకు తగిలే చెక్క ఏదైనా చెదలకూ చెమ్మకూ తట్టుకునేలా మందు పట్టించినదే అయి ఉండాలి. నూనె మరకలున్నచోట పూసే పొరలు పట్టవు, ముందు అక్కడ గ్రైండింగ్ చేయించాలి. నేలలో పగుళ్ళుంటే వెడల్పు కన్నా, రెండు వైపులా మట్టం తేడా ఉందా అన్నది చూడండి. ఒక వైపు దిగి ఉంటే అది పునాది ఇంజనీర్ చూడాల్సిన విషయం.

బాత్రూం కోసం కాంక్రీటు కోయబోయే ముందు నేలమీద ఎక్కడైనా ముద్ర గానీ, చిన్న పలక గానీ ఉందేమో వెతకండి. పోస్ట్ టెన్షన్ పద్ధతిలో, అంటే లోపల ఉక్కు తీగలను బిగించి పోసిన కాంక్రీటు అయితే, కోయవద్దని హెచ్చరిస్తూ గ్యారేజీ నేలమీదే ముద్ర వేసే అలవాటు ఉంది. ఆ తీగ తెగితే చాలా బలంతో ఎగిసి వస్తుంది, పని చేసేవాడి ప్రాణానికే ముప్పు, నేల బలం కూడా పోతుంది. అలాంటి నేలను స్కాన్ చేయించి, ఇంజనీర్ చూపిన చోటే కోయాలి. డ్రైనేజీ వాలు కూడా ముందే లెక్కవేసుకోవాలి: సింకు లాంటి సన్న పైపులకు అడుగుకు 1/4 అంగుళం, 3 అంగుళాలు ఆపై పైపులకు అడుగుకు 1/8 అంగుళం కనీసం. ఇంటి మురుగు పైపు గ్యారేజీకి దూరంగా ఉండి, ఈ వాలు కుదరకపోతే మురుగును పైకి తోసే పంపు పెట్టాల్సి వస్తుంది. అది పనిచేస్తుంది గానీ దానికి కరెంటు కావాలి, చప్పుడు ఉంటుంది, మరమ్మతు ఉంటుంది. ఇంట్లో ఇప్పుడున్న బాత్రూం గోడకు అవతలివైపే కొత్తదాన్ని పెట్టగలిగితే ఈ బాధలు సగం తప్పుతాయి.

వాటర్ హీటర్ విషయంలో మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. గ్యాస్ మండాలంటే గాలి కావాలి. మామూలు గ్యాస్ హీటర్ ఆ గాలిని తాను ఉన్న గదిలోంచే తీసుకుంటుంది. లెక్క ఇలా ఉంటుంది: హీటర్ గంటకు వాడే ప్రతి 1000 బీటీయూలకు (వేడిని కొలిచే ప్రమాణం) 50 ఘనపుటడుగుల గాలి ఉన్న చోటు. 40,000 బీటీయూల హీటర్‌కు 2000 ఘనపుటడుగులు. 8 అడుగుల ఎత్తున్న గదిలో అయితే అది 250 చదరపు అడుగుల గది. ఇన్నాళ్ళూ గ్యారేజీ అంతా దానికి ఊపిరిగా ఉంది. ఇప్పుడు మీ కాంట్రాక్టర్ దానిచుట్టూ 3 అడుగులకు 3 అడుగుల చిన్న అరలాంటి గది కట్టి తలుపు వేస్తే మిగిలేది 72 ఘనపుటడుగులే. సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే పడకగదిలో మామూలు గ్యాస్ హీటర్ ఉండడానికి కోడ్ ఒప్పుకోదు. పడకగది ద్వారానే తెరుచుకునే అరలో పెట్టాలంటే గాలంతా బయటినుంచే రావాలి, దానంతటదే మూసుకునే, సందుల్లేని గట్టి తలుపు ఉండాలి. నా సలహా అడిగితే హీటర్‌ను అక్కడినుంచి తీసేసి వేరేచోట పెట్టండి, లేదా బయటి గాలినే పీల్చి పొగను బయటికే వదిలే మూసిన రకం తీసుకోండి, లేదా కరెంటు హీటర్‌కు మారండి. ఖర్చు మిగల్చడానికి ఇది చోటు కాదు.

కరెంటు ప్యానెల్ కదల్చక్కర్లేదు, కానీ అది మీ గది ప్లాన్‌ను శాసిస్తుంది. దానిముందు 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు, ఆరున్నర అడుగుల ఎత్తు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. బాత్రూంలో గానీ, బట్టల అరలో గానీ ప్యానెల్ ఉండకూడదు. చాలామంది ఆ మూలనే బాత్రూంగా గీసుకుని, ప్లాన్ వెనక్కి వచ్చాక మళ్ళీ మొదటినుంచి గీయిస్తారు. కాబట్టి ప్యానెల్‌ను, మురుగు పైపును, పాత కిటికీలను కాగితం మీద పెట్టాకే గది గీయండి.

కిటికీ దగ్గర అందరూ బోల్తా పడతారు. పడకగది అనిపించుకోవాలంటే నిప్పంటుకున్నప్పుడు మనిషి బయటపడడానికి, ఫైర్ సిబ్బంది లోపలికి రావడానికి వీలైన కిటికీ గానీ, నేరుగా బయటికి తెరుచుకునే తలుపు గానీ ఉండాలి. తెరిచాక మిగిలే ఖాళీ 5.7 చదరపు అడుగులు ఉండాలి, నేలమట్టపు గదికి 5 చాలు. ఖాళీ ఎత్తు 24 అంగుళాలకు, వెడల్పు 20 అంగుళాలకు తగ్గకూడదు. కిటికీ కింది అంచు గది నేలనుంచి 44 అంగుళాలు దాటకూడదు. ఈ కొలతలు చదివి 20కి 24 కిటికీ కొనేవాళ్ళున్నారు. లెక్కవేయండి, అది 480 చదరపు అంగుళాలు, మూడున్నర చదరపు అడుగులు కూడా కాదు. 5 చదరపు అడుగులంటే 720 చదరపు అంగుళాలు. ఎత్తు 24 ఉంటే వెడల్పు 30 కావాలి. వెడల్పు 20 ఉంటే ఎత్తు 36 కావాలి. పైగా ఇది అద్దం కొలత కాదు, తెరిచిన సందు కొలత. పక్కకు జరిగే కిటికీ 4 అడుగుల వెడల్పుదైనా తెరుచుకునేది 2 అడుగులకన్నా తక్కువే. తలుపులా పూర్తిగా తెరుచుకునే రకమైతే చిన్న రంధ్రంలోనే కొలత కుదురుతుంది.

ఆ కిటికీ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. గ్యారేజీ పక్క గోడ తరచుగా పక్కింటి సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. నిప్పు ఆర్పడానికి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు లేని ఇళ్ళలో సరిహద్దుకు 5 అడుగులకన్నా దగ్గరున్న గోడ గంటసేపు నిప్పుకు తట్టుకునేలా ఉండాలి. 3 అడుగులకన్నా దగ్గరుంటే ఆ గోడలో కిటికీయే పెట్టకూడదు. టేపు పట్టుకుని సరిహద్దు నుంచి గోడ దాకా కొలిచాకే కిటికీ ఆర్డరు ఇవ్వండి. వెలుతురుకూ లెక్క ఉంది: గది నేల విస్తీర్ణంలో 8 శాతం అద్దం, 4 శాతం తెరుచుకునే భాగం. 20కి 20 అడుగుల గది ఒక్కటే అయితే 32 చదరపు అడుగుల అద్దం, అందులో 16 తెరుచుకోవాలి. యంత్రంతో గాలి మార్పిడి, తగినంత దీపాల వెలుతురు ఉంటే సడలింపు ఇస్తారు. కానీ రోజంతా గదిలో ఉండే పెద్దవాళ్ళకు సడలింపు కోసం చూడకండి, వెలుతురు ఇవ్వండి.

వెలుతురుకు మంచి చోటు మీ చేతిలోనే ఉంది: కారు తలుపు తీసేసిన ఖాళీ. దానిపైన ఇప్పటికే పెద్ద దూలం ఉంటుంది, పైకప్పు బరువును ఆ చివరినుంచి ఈ చివరిదాకా అదే మోస్తోంది. దాన్ని ముట్టుకోకండి. అది ఉన్నంతకాలం కింద కట్టే కొత్త గోడ పైకప్పు బరువు మోయక్కర్లేదు, కాబట్టి అందులో ఎంత వెడల్పు కిటికీ అయినా పెట్టుకోవచ్చు. కానీ ఆ ఖాళీ కింద పునాది గోడ సాధారణంగా ఉండదు, కారు లోపలికి రావాలి గనుక కాంక్రీటు బయటి దారికి మట్టంగా ఉంటుంది. నేరుగా దానిమీద చెక్క ఫ్రేము నిలబెడితే వాన పడ్డ ప్రతిసారీ అడుగు చెక్క తడుస్తుంది. కాంక్రీటు గట్టు పోయించి, దానిమీద మందు పట్టించిన చెక్క వేసి, బోల్టులతో బిగించాలి. బోల్టుల మధ్య దూరం 6 అడుగులు దాటకూడదు, చెక్క రెండు చివర్లలోనూ 12 అంగుళాల లోపు ఒక్కోటి ఉండాలి. అక్కడ చలికి నేల గడ్డకట్టే లోతు దాకా పునాది తవ్వాలా, గట్టు ఒక్కటే సరిపోతుందా అన్నది మీ ప్రాంతం మీద ఆధారపడుతుంది, ఇది ప్లాన్‌లో కచ్చితంగా అడుగుతారు. బయటి దారి ఇంటివైపు వాలి ఉంటే గోడముందు అడ్డంగా నీటి కాలువ కూడా కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బయటి గోడలకు ఇన్సులేషన్ ఉండకపోవచ్చు, ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడకు మాత్రమే ఉండి ఉంటుంది. ఎంత మందం కావాలో మీ వాతావరణ మండలం చెబుతుంది. చలికాలంలో నేలనుంచి 3 అడుగుల ఎత్తున 68 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నిలిచే ఏర్పాటు స్థిరంగా ఉండాలి, ప్లగ్గులో పెట్టుకునే హీటర్ లెక్కలోకి రాదు. పాత ఏసీ డక్టునే ఇటు పొడిగిస్తే మిగతా గదులకు గాలి తగ్గవచ్చు. దాని సామర్థ్యం లెక్కవేయించండి, లేదంటే ఈ గదికి విడిగా మినీ స్ప్లిట్ ఏసీ పెట్టుకోండి. పైకప్పు ట్రస్సులతో, అంటే త్రికోణాలుగా బిగించిన చెక్క చట్రాలతో ఉంటే ఎత్తు కోసం దేన్నీ కోయనివ్వకండి, ట్రస్సులో ఒక్క చెక్క కోసినా ఇంజనీర్ కాగితం కావాలి. ప్లగ్ పాయింట్లు గోడ పొడవునా ఎక్కడినుంచీ 6 అడుగులకన్నా దూరం కాకూడదు. గదిలో పొగ అలారం, గది బయట పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. చాలామందికి తెలియని సంగతి, ఇలాంటి పర్మిట్ తీసుకున్నప్పుడు ఇంటి మొత్తానికీ పొగ అలారాలను ఇప్పటి నియమాలకు తెమ్మంటారు. వాటి ఖర్చు అంచనాలో చేర్చండి.

పెద్దవాళ్ళ గది కాబట్టి కోడ్ అడగనివి రెండు చేయించండి. బాత్రూం తలుపు తెరిచినప్పుడు 32 అంగుళాలు ఖాళీగా ఉండేలా చూడండి, రేపు వాకర్ వాడినా పట్టాలి. డ్రైవాల్ వేయకముందే కమోడ్ పక్కన, షవర్ చుట్టూ గోడ లోపల 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో అడ్డ చెక్కలు పెట్టించండి. పట్టుకునే కడ్డీలు ఇప్పుడే అక్కర్లేకపోవచ్చు. కావలసిననాడు వాటిని గట్టిగా బిగించడానికి చెక్క లోపల ఉండాలి. గోడ మూయకముందు ప్రతి గోడకూ టేపు కనబడేలా ఫోటోలు తీసి దాచుకోండి.

ఇక మళ్ళీ గ్యారేజీగా మార్చుకోవడం. చేయవచ్చు, కానీ ఇప్పుడే దానికి తగ్గట్టు చేయించాలి. తలుపుపైన దూలాన్ని కదల్చకండి. ఇంటిముందు కాంక్రీటు దారిని పగలగొట్టించకండి. నేలను పోత కాంక్రీటుతో కాకుండా విప్పదగ్గ చెక్క పద్ధతిలోనే ఎత్తించండి. కొందరు కారు తలుపును బయట అలాగే ఉంచి, లోపల గోడ కట్టిస్తారు, వీధినుంచి చూస్తే గ్యారేజీలాగే ఉంటుందని. మీకది వద్దంటాను. ఆ తలుపు వెనక గోడకు వాన తగలకుండా వేరే ఏర్పాటు కావాలి, అన్నింటికన్నా ముఖ్యంగా గదికి వెలుతురొచ్చే వైపే మూసుకుపోతుంది. తిరిగి మార్చేటప్పుడు కూడా పర్మిట్ కావాలి, ఇంటినుంచి వచ్చే తలుపునూ మధ్య గోడనూ మళ్ళీ నిప్పుకు తట్టుకునేలా చేయమంటారు. ఇప్పుడు ఇంటికీ గ్యారేజీకీ మధ్యనున్న బరువైన తలుపును తీసేయిస్తే పారేయకండి, దాని కింది అంచు కుళ్ళకుండా ఎక్కడైనా పొడిచోట నిలబెట్టి ఉంచండి.